హైదరాబాదు పేరున మరణించిన సైనికుడు

పాలకుల సైన్యంలో పనిచేసి మరణించిన సైనికుడి విషయంలో పాలితులకు ఏమైనా నైతిక బాధ్యత వుందా? ఈ ప్రశ్న వేయగానే రెండు జవాబులు సిద్ధంగా వుంటాయి. "సామ్రాజ్యవాదానికి జీతానికి పోరాడినవాడు చస్తే మనకేమిటి?" అన్నది ఒకటి. "చావు ముందు అందరూ సమానమే, పాపం ఏ తల్లి కన్న బిడ్డో" అన్నది రెండవది. మొదటి జవాబు కఠినంగానూ రెండవది దయగానూ కనిపిస్తుంది గాని రెండింటి గుణమూ ఒకటే. రెండూ ఆలోచించే శ్రమ తప్పిస్తాయి. మొదటిది మనిషిని చూడదు. రెండవది యుద్ధాన్ని చూడదు. మనిషినీ యుద్ధాన్నీ కలిపి చూడవలసి వచ్చినప్పుడు మనం ఏమనాలి? అదీ విచారించవలసిన విషయం.

ఇలాంటి ప్రశ్నను గాలిలో చర్చించి లాభం లేదు. ఒక్క మరణాన్ని తీసుకుని చూద్దాం.

1940 ఆగస్టు 31. ఇంగ్లండు ఆకాశంలో జర్మన్ విమానాలకూ బ్రిటిష్ విమానాలకూ మధ్య సాగుతున్న పోరాటంలో బ్రిటిష్ యుద్ధవిమానదళానికి మహా నష్టం కలిగిన రోజులలో అదొకటి. ఆ వుదయం కెంట్ జిల్లా మీద ఒక హరికేన్ విమానం దెబ్బతిన్నది. దాన్ని నడుపుతున్న స్క్వాడ్రన్ లీడర్ హారొల్డ్ మోర్లే స్టార్ పారాచూట్‌తో బయటికి దూకాడు. అతనికి ఇరవై అయిదేళ్లు. రైలు ఇంజన్ల కర్మాగారానికి పేరుపడ్డ స్విండన్ పట్టణంలో పుట్టినవాడు. అతను పారాచూట్‌కు వేలాడుతూ దిగుతుండగా జర్మన్ విమానాలు అతన్ని తుపాకులతో కాల్చాయని నేలమీద నుంచి చూసినవారు చెప్పారు. ఈస్ట్రీ అనే వూరి దగ్గర ఒక ఇటుకల కార్ఖానా పక్కన శవం నేలకు చేరింది. తరువాత దాన్ని స్విండన్‌కు తీసుకుపోయి పాతిపెట్టారు.

ఆ యుద్ధంలో కోట్లమంది చచ్చారు. అందులో ఈ ఒక్కణ్ణే ఎందుకు ఎన్నుకోవాలి? ఎందుకంటే అతను నాయకత్వం వహించిన 253వ దళం పేరు "హైదరాబాద్ స్టేట్" స్క్వాడ్రన్.

ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే అబిడ్స్ నుంచి నాలుగడుగులు వేస్తే చాలు. అక్కడ కింగ్ కోఠీ వుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967లో కన్ను మూసేదాకా వున్న నివాసం అది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలోనే బ్రిటిష్ వారికి ఒక విమానదళానికి సరిపడా విమానాలు బహూకరించాడు. 1918లో 110వ దళానికి ఇచ్చిన ఆ విమానాల ప్రతి ఒక్కదాని మీదా నిజాం దానమని రాశారు; దళానికి హైదరాబాదు పేరు పెట్టారు. ఆ రోజులలోనే ఆయనకు "బ్రిటిష్ ప్రభుత్వపు విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అనే బిరుదు వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చాక 152, 253 దళాలకు కూడా హైదరాబాదు పేరే వచ్చింది. 152వ దళం చిహ్నం మీద నిజాం తలపాగా వుంటుంది. దాని నినాదం "విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అనే. యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటిష్ విమానాలు చేసిన తొలి దాడిలో 110వ దళం వుంది. అనగా ఆ మహాయుద్ధంలో ఇంగ్లండు వేసిన మొదటి బాంబులలో కొన్ని హైదరాబాదు పేరున పడ్డాయి. ఈ సంగతి ఇక్కడి రైతులకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ ఎవరికీ కనిపించలేదు.

కాని డబ్బు వారిది. నిజాం ఇచ్చిన దానం ఆయన సొంత సర్ఫెఖాస్ నుంచి వచ్చినా, దివానీ ఖజానా నుంచి వచ్చినా, అది పుట్టినచోటు ఒకటే. సంస్థానంలోని భూమిలో సుమారు నూటికి నలభై పాళ్లు జాగీర్ల కిందా సర్ఫెఖాస్ కిందా వుండేది. అక్కడ రైతుకు దొరే ప్రభుత్వం, దొరే న్యాయస్థానం. వెట్టి చేసిన మాలమాదిగలూ, పన్ను కట్టిన కాపులూ, యుద్ధకాలంలో పండిన గింజను లెవీ కింద కొలిచి ఇచ్చి తాము పస్తులున్న కుటుంబాలూ - ఈ చేతుల మీదుగా నడిచింది ఆ డబ్బు. ఆ లెవీ పీడన తెలంగాణా రైతాంగం తిరగబడటానికి గల కారణాలలో ఒకటి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు కూలిపోయేనాటికి కెంట్ ఆకాశంలో స్టార్ చనిపోయి ఆరేళ్లయినా నిండలేదు. ఈ ఇద్దరూ ఒకరి పేరు ఒకరు వినలేదు. అయినా ఇద్దరి చావుకూ ఒకే సింహాసనంతో సంబంధం వుంది.

ఇక్కడ మొదటి ప్రశ్న వస్తుంది. దానం చేసినవాడి పేరు విమానం మీద పడింది. మరి ఆ విమానంలో చచ్చినవాడు ఎవరి తరఫున చచ్చినట్టు?

నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో టౌన్‌హాలు వుంది. 1905లో పునాది వేసి 1913లో పూర్తిచేసిన భవనం. తరువాతి కాలంలో అది శాసనసభ అయింది. కాని ఈ దానాలు జరిగిన రోజులలో ప్రజలు ఎన్నుకున్న శాసనసభ అక్కడే కాదు, సంస్థానంలో ఎక్కడా లేదు. విమానాలు ఇవ్వాలా వద్దా అని ఎవరినీ అడిగినవారు లేరు. అడగకుండా తీసిన డబ్బుతో పెట్టిన పేరు ప్రజలది కాజాలదు. హైదరాబాదు పేరుతో ఇలాంటి వ్యాపారం అప్పుడే మొదలైంది కూడా కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో బ్రిటిష్ వారు నిజాం ఖర్చుమీద "హైదరాబాద్ కంటింజెంటు" అనే సైన్యాన్ని నడిపారు. దాని ఖర్చుల బకాయీల కింద 1853లో బేరారు ప్రాంతాన్ని తమ చేతిలోకి తీసుకున్నారు. ఆ సైన్యమే కాలక్రమాన 19వ హైదరాబాద్ రెజిమెంటు అయింది. అందులో వున్నది ఎవరు? కుమావూనీలు, జాట్లు, అహీర్లు. హైదరాబాదీయుడంటూ వెతికి చూడవలసిందే. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంటుగా మార్చారు. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది, ప్రాణం మూడోవాడిది, లాభం నాలుగోవాడిది. సంస్థానాల యుగంలో యుద్ధం నడిచిన తీరు ఇదీ.

కాబట్టి స్టార్ మరణాన్ని "హైదరాబాదు చేసిన త్యాగం" అని చెప్పుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. నిజాంకు లేదు, ఎందుకంటే త్యాగం చేసింది ఆయన కాదు. మనకూ లేదు, ఎందుకంటే మనల్ని ఎవరూ అడగలేదు. పాత రోజులను తలచుకుని మురిసిపోయేవారు నిజాం దాతృత్వపు జాబితాలో ఈ విమానాలను కూడా కలిపి చెబుతూ వుంటారు. ఇతరుల డబ్బుతో కొన్న విమానంలో ఇతరులు చచ్చిపోగా మిగిలేది దాతృత్వం కాదు. అది చందా రసీదు.

అయితే ఇంతటితో ఆ మనిషి సంగతి తేలిందా? తేలలేదు. పేరు సంగతి తేలింది, అంతే. అతను చేసిన పోరాటం ఎలాంటిది అన్న ప్రశ్న వుండనే వుంది.

ఒక వాదం ఇలా వుంటుంది: అతను సామ్రాజ్యపు సైనికుడు. ఏ ప్రభుత్వపు యూనిఫారం వేసుకున్నాడో ఆ ప్రభుత్వమే 1942లో మన నాయకులను జైళ్లలో పెట్టింది. 1943లో బెంగాలు కరువులో సుమారు ముప్పై లక్షలమంది చనిపోతుంటే యుద్ధావసరాలు ముందన్నది. రెండో వాదం ఇలా వుంటుంది: అతను ఫాసిజానికి వ్యతిరేకంగా పోరాడాడు. 1940 వేసవిలో హిట్లర్ ఇంగ్లండును కూడా మింగివుంటే ఐరోపాలో జరిగిన హత్యాకాండకు అంతు వుండేది కాదు. ఆ నాలుగు నెలల ఆకాశ పోరాటంలో చనిపోయిన అయిదువందల పైచిలుకు బ్రిటిష్ పక్షపు వైమానికులు ప్రపంచ ప్రజలకు మేలు చేశారు.

ఈ రెండు వాదాలలో ఏది నిజమని అడిగేవారు ప్రశ్నను తప్పుగా వేస్తున్నారు. రెండూ నిజమే. ఒకటి నిజమైనంత మాత్రాన రెండోది అబద్ధం కాదు. ఒకే మనిషి ఒకే రోజున ఒకే యంత్రంలో కూర్చుని సామ్రాజ్యాన్నీ కాపాడాడు, సామ్రాజ్యం కంటే ఘోరమైన దాన్నీ ఎదిరించాడు. చరిత్ర మనకు శుభ్రంగా కడిగిన పాత్రలో దేన్నీ అందించదు.

దీనికి ఎదురు నిదర్శనం అబిడ్స్ పక్కనే వుంది. ట్రూప్ బజారులోని ఆబిద్ మంజిల్ స్వాతంత్ర్యోద్యమ కాలంలో విదేశీ వస్త్రాలను తగులబెట్టిన ఇల్లు. ఆ ఇంటి కుర్రవాడు ఆబిద్ హసన్ అబిడ్స్‌లోని సెయింట్ జార్జి గ్రామర్ స్కూల్లో చదువుకున్నాడు. ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్లాడు. అక్కడే సుభాస్ చంద్ర బోసుకు కార్యదర్శి అయ్యాడు. 1943 ఫిబ్రవరిలో బోసుతో కలిసి జర్మన్ జలాంతర్గామిలో ఆసియాకు బయలుదేరాడు. "జైహింద్" అనే నినాదాన్ని ఇచ్చినవాడుగా ప్రసిద్ధుడు. స్టార్‌ను చంపిన ప్రభుత్వపు రాజధానిలో కూర్చుని మన ఆబిద్ హసన్ మన స్వాతంత్ర్యం కోసం పనిచేశాడు. అక్కడ తయారైన భారతీయ దళంలో వున్నవారు నిన్నటిదాకా బ్రిటిష్ సైన్యంలో వుండి ఆఫ్రికాలో పట్టుబడినవారు. వారు చేసిన ప్రమాణంలో బోసు పేరుతో పాటు హిట్లర్ పేరు కూడా వుంది. ఆబిద్ హసన్ ధైర్యాన్ని శంకించలేం. హిట్లర్ పేరుమీద ప్రమాణం చేయడం మంచిదనీ అనలేం. ఒక హైదరాబాదీయుడి విషయంలో ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పగలిగిన మనం, ఒక స్విండన్ వాడి విషయంలో ఎందుకు చెప్పకూడదు? వాడు మనవాడు కాడు గనకనా? అదే నిజమైతే మనకున్నది నీతి కాదు, బంధుప్రీతి.

ఇక అసలు విషయానికి వద్దాం. స్టార్ యుద్ధంలో చచ్చాడు అంటే సరిపోదు. ఎలా చచ్చాడన్నది ముఖ్యం. విమానంలో వున్నంతసేపూ అతను చంపగలడు, అతన్ని చంపడం యుద్ధమే. ఇందులో ఎవరికీ ఫిర్యాదు లేదు. ముందురోజు, ఆగస్టు 30న, అదే దళంలో పంతొమ్మిదేళ్ల కోలిన్ ఫ్రాన్సిస్ విమానంతో సహా కూలిపోయాడు. కెంట్‌లోని రోథమ్ దగ్గర పొలంలో విమానం భూమిలోకి దిగిపోయింది. నలభై ఒక్క సంవత్సరాల తరువాత, 1981లో, మట్టి తవ్వితే అతని అవశేషాలు విమానంలోనే దొరికాయి. ఆ చావు దుఃఖం కలిగిస్తుంది. దానిమీద నైతికమైన ఆరోపణ మాత్రం చేయలేం. స్టార్ చావు అలాంటిది కాదు. పారాచూట్‌కు వేలాడేవాడి చేతిలో విమానం లేదు, తుపాకి లేదు, పరుగెత్తడానికి నేల కూడా లేదు.

ఆ రోజులలో బ్రిటిష్ యుద్ధవిమానదళానికి అధిపతి అయిన డౌడింగ్ ఈ ప్రశ్నను సూటిగానే ఎదుర్కొన్నాడు. 1941లో తన ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: జర్మన్ వైమానికుడు ఇంగ్లండు నేలపై దిగితే ఖైదీ అవుతాడు గనక అతన్ని గాలిలో కాల్చరాదు. ఇంగ్లీషు వైమానికుడు ఇంగ్లండులో దిగితే మళ్లీ విమానం ఎక్కి పోరాడతాడు గనక జర్మన్లు అతన్ని కాల్చవచ్చు. తన సొంత మనుషులకు వ్యతిరేకంగా కూడా లెక్క తప్పకుండా వేసిన ఈ సేనాని నిజాయితీని మెచ్చుకోవలసిందే. దేశాభిమానులమనిపించుకునేవారిలో ఇంతపాటి నిష్పాక్షికత ఎంతమందికి వుంటుంది?

కాని లెక్క తప్పు. రేపు పనికివస్తాడు గనక నేడు చంపవచ్చుననే సూత్రానికి హద్దు ఎక్కడ? ఆస్పత్రిలో గాయపడి పడుకున్న వైమానికుడు కూడా వచ్చే నెల పనికివస్తాడు. అతన్ని మంచం మీదే చంపవచ్చునా? విమానాలు బిగించే కార్మికురాలు రేపు మరో విమానం బిగిస్తుంది. ఆమె కొడుకు పదేళ్లలో సిపాయి అవుతాడు. ఈ మెట్లన్నీ వరుసగా దిగుతూ పోతే చివరికి దొరికేది వూళ్లమీద బాంబులు వేసే సిద్ధాంతమే. ఆ యుద్ధంలో రెండు పక్షాలవారూ ఆ మెట్లు దిగారు. 1940 జులైలోనే బ్రిటిష్ ప్రభుత్వం, సముద్రంలో పడిన వైమానికులను వెతికే జర్మన్ ఎర్రశిలువ విమానాలను కూడా కూల్చివేస్తామని ప్రకటించింది. అవి గూఢచర్యం చేస్తున్నాయన్నది వారి వాదన. కారణం ఎప్పుడూ దొరుకుతుంది. కారణం దొరకని హత్య యుద్ధంలో లేదు.

ఒక ఆక్షేపణ రావచ్చు. బారకాసులో నిద్రపోతున్న సైనికుడి చేతిలో కూడా ఆ క్షణాన తుపాకి వుండదు గదా, అతన్ని చంపడాన్ని యుద్ధం అంటూ, పారాచూట్ మీద వున్నవాణ్ణి చంపడాన్ని హత్య అనడం ఏమి న్యాయం అని. ఇది తీసిపారేయదగిన ఆక్షేపణ కాదు. కాని తేడా వుంది. యుద్ధం నుంచి బయటపడటానికి సైనికుడికి ఒక్కటే తలుపు వుంది: చేతులెత్తడం. బారకాసులో వున్నవాడికి ఆ తలుపు మూసి లేదు. అతను తన సైన్యం మధ్యన, దాని కాపలాలో వున్నాడు. గాలిలో తాళ్లకు వేలాడేవాడికి చేతులెత్తే వీలు కూడా లేదు. చేతులెత్తినా చూసి ఆగగలిగిన దూరంలో ఎవరూ లేరు. లొంగిపోవడానికి అవకాశం లేనివాణ్ణి లొంగిపోలేదని చంపరాదు. అతను నేలమీద దిగి, మళ్లీ ఆయుధం పట్టేదాకా యుద్ధానికి బయట వున్నట్టే. నావ మునిగి నీళ్లలో ఈదుతున్నవాడి విషయమూ ఇంతే. దాడి చేయడానికే గాలిలోంచి దిగే పారాచూట్ సైన్యం సంగతి వేరు. వారు యుద్ధంలోకి దిగుతున్నారు, ఇతను యుద్ధంలోంచి దిగుతున్నాడు.

ఈ తేడాను ప్రపంచం గుర్తించడానికి చాలాకాలం పట్టింది. 1923లో హేగ్‌లో తయారైన వైమానిక యుద్ధ నియమాల ముసాయిదాలోనే ఈ రక్షణ వుంది గాని దాన్ని ఏ దేశమూ చట్టంగా స్వీకరించలేదు. 1977లో జెనీవా ఒడంబడికలకు చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాలు 42వ అధికరణంలో, ఆపదలో వున్న విమానం నుంచి దూకినవాణ్ణి దిగేటప్పుడు కాల్చరాదనీ, దిగాక లొంగిపోవడానికి అవకాశం ఇవ్వాలనీ స్పష్టంగా రాశారు. స్టార్ చనిపోయిన ముప్పై ఏడేళ్లకు. ఆ ప్రోటోకాలు మీద భారతదేశం సంతకం చేయలేదు.

"ఇదంతా ఇంగ్లీషువాళ్లకూ జర్మన్లకూ సంబంధించిన గొడవ, మనకెందుకు?" అనే పాఠకుడు వుండవచ్చు. ఆయన కోసమే ఈ సూత్రాన్ని మన నేలమీదికి తెచ్చి చూద్దాం.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళం పొంచివుండి కాల్పులు జరిపింది. కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు పోలీసు అధికారులు చనిపోయారు. వారు సాయుధులై, రాజును పట్టుకోవడానికి బలగంతో వస్తున్నవారు. అది పోరాటం. ఇంగ్లీషువారిగా పుట్టినందుకు గాక చేసేపనిని బట్టి వారు దెబ్బతిన్నారు. వారి సమాధులు నర్సీపట్నంలో వున్నాయి. 1924 మే 7న రాజు పట్టుబడ్డాడు. చెట్టుకు కట్టి కాల్చారు. తప్పించుకోబోయాడని ప్రభుత్వం చెప్పింది. ఈ రెండు సంఘటనలలో మొదటిదాన్ని యుద్ధమని, రెండవదాన్ని హత్య అని మనం అంటున్నాం. ఎందుకంటున్నాం? రాజు మనవాడు గనకనా? లేక కట్టుబడినవాణ్ణి చంపరాదు గనకనా? మొదటిది కారణమైతే, కోయ్యూరులో కాల్చినవాడు కూడా తన పక్షాన అదే కారణం చెప్పగలడు. రెండవది కారణమైతే, అదే సూత్రం కెంట్ ఆకాశంలో స్టార్‌కు కూడా వర్తిస్తుంది. రాజుకు వర్తించే సూత్రాన్ని స్టార్‌కు నిరాకరించినవాడు రాజు పక్షాన చేసే వాదాన్నే బలహీనపరుస్తున్నాడు.

తుర్రెబాజ్ ఖాన్ సంగతీ అలాంటిదే. 1857 జులై 17న కోఠీ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించినవాడు. 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర అతన్ని చంపి, శవాన్ని నగరానికి తెచ్చి జనం చూసేట్టు వేలాడదీశారు. శవానికి శిక్ష వేయడం ఏమి న్యాయం? బతికున్నవాళ్లను భయపెట్టడానికి చచ్చినవాణ్ణి పనిముట్టుగా వాడారు, అంతే.

ఇక్కడితో ఆగితే మనకు చాలా సుఖం. ఈ వుదాహరణలన్నిట్లోనూ తప్పు పరాయివాడిది. కాని సూత్రమనేది పరాయివాడి ఇంటి గుమ్మం దగ్గర ఆగేది కాదు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాం బలగాలూ పట్టుబడిన గ్రామస్థులను వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆ సెప్టెంబరులో నిజాం సైన్యం లొంగిపోయాక, చేతిలో కర్ర కూడా లేని ముస్లిం ప్రజలను మరాఠ్వాడాలోనూ ఇతర జిల్లాలలోనూ వేలసంఖ్యలో చంపారు. పండిట్ సుందర్‌లాల్ సంఘం విచారించి ఇరవై ఏడువేల నుంచి నలభైవేలమంది దాకా చనిపోయివుంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు. ఆ తరువాత రైతాంగ పోరాటాన్ని అణచడానికి వచ్చిన బలగాలు, పట్టుకున్నవారిని అడవిలోకి తీసుకుపోయి కాల్చి "ఎదురుకాల్పులు" అని రాశాయి. దొరల ఏజెంట్లని, ద్రోహులని చేతికి చిక్కినవారిని చంపిన సందర్భాలు రైతాంగం పక్షాన కూడా వున్నాయి. ప్రతి పక్షమూ ఎదుటి పక్షం చేసిన హత్యలను లెక్కపెడుతుంది. తన పక్షం చేసినవాటికి డౌడింగ్ లెక్క వాడుతుంది: "బతికుంటే రేపు మళ్లీ మనమీదికే వచ్చేవాడు గదా!"

అయితే పీడకుడినీ పీడితుడినీ ఒకే తాటికి కట్టడం కాదా ఇది? ఇది గంభీరమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా మానవత్వం గురించి మాట్లాడేవారు చాలామంది వున్నారు. వారి మానవత్వం చివరికి జరిగినదాన్నంతా క్షమించడంగా తేలుతుంది, అది పీడకుడికే లాభం. మనం చేయవలసింది అది కాదు. ఏ యుద్ధం న్యాయమైనది అన్నది ఒక తీర్పు. ఆ యుద్ధంలో ఏ చేయి ఏం చేసింది అన్నది మరో తీర్పు. మొదటి తీర్పులో పక్షాలు సమానం కావు. వెట్టికి వ్యతిరేకంగా లేచిన రైతూ వెట్టి చేయించుకున్న దొరా ఎన్నటికీ సమానం కారు. హిట్లర్ సైన్యమూ దాన్ని ఎదిరించినవారూ సమానం కారు. రెండవ తీర్పులో మాత్రం అందరికీ ఒకే కొలత. న్యాయమైన యుద్ధం చేసేవాడికి ఈ కొలత వల్ల నష్టం లేదు. పైగా అతనికే దీనితో ఎక్కువ అవసరం. ఆయుధం లేనివాడు, చేతులు కట్టుబడినవాడు, పరాయి చేతుల్లో పడినవాడు ప్రపంచంలో ఎక్కువగా పేదవాడే. ఆ కొలత లేకపోతే ముందుగా చచ్చేది అతనే. కోయ్యూరులో జరిగింది అదే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. హైదరాబాదు పేరున చచ్చిన ఆ సైనికుడికి మనం ఏమి బాకీ?

కృతజ్ఞత కాదు. అతను మనల్ని కాపాడటానికి బయలుదేరలేదు, మనం అతన్ని పంపలేదు. గర్వం అసలే కాదు. గర్వపడదలచినవారు కింగ్ కోఠీ జమాఖర్చులు చూసుకోవచ్చు. ఈ నగరానికి పరదేశపు సైనికుణ్ణి తలచుకోవడం కొత్త కాదు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించిన ఫ్రెంచి సేనాని రేమాండ్ 1798లో చనిపోతే, హిందువులు మూసా రాముడనీ ముస్లింలు మూసా రహీమనీ పిలుచుకుని అతని సమాధి దగ్గర చాలాకాలం దీపాలు పెట్టారు. మూసారాంబాగ్ పేరులో అతను ఇంకా వున్నాడు. ఆ ప్రజలు అతని జీతం ఎవరిచ్చారో లెక్క చూసి దీపం పెట్టలేదు. అయితే తెలిసినవాడికి దీపం పెట్టడం తేలిక. స్టార్‌నూ ఫ్రాన్సిస్‌నూ హైదరాబాదు ఎరుగదు. వారి కోసం ఇక్కడ దీపం ఎవరూ పెట్టరు, పెట్టనక్కరలేదు.

బాకీ వున్నది ఒకటే: వారి గురించి నిజం చెప్పడం. ఆ విమానాల వెనుక వున్న డబ్బు ఎవరిదో చెప్పాలి. ఆ సామ్రాజ్యం మనకేమి చేసిందో చెప్పాలి. ఆ వైమానికులు ఎదిరించిన ఫాసిజం ఎలాంటిదో చెప్పాలి. గాలిలో వేలాడుతున్న మనిషిని కాల్చడం తప్పని, అతను ఏ దేశంవాడో అడగకుండా చెప్పాలి. ఈ నాలుగు మాటలలో ఏ ఒక్కటి వదిలినా మిగిలిన మూడూ అబద్ధమవుతాయి. నిజాం కీర్తి రాసేవారు మొదటి మాట వదులుతారు, ఇంగ్లండు కీర్తి రాసేవారు రెండవది వదులుతారు. దేశభక్తులలో కొందరికి మూడవ మాట రుచించదు. నాలుగవదాన్ని మాత్రం తమ అవసరాన్ని బట్టి అందరూ వదులుతారు.

నాంపల్లిలోని శాసనసభలో నేడు ప్రజల డబ్బుకు లెక్క చెప్పవలసినవారు వున్నారు. అది 1940తో పోలిస్తే పెద్ద మార్పు. కాని పట్టుబడినవాడు "ఎదురుకాల్పులలో" చనిపోయాడనే వార్త వచ్చినప్పుడు, వాడు ఎవరు, ఏ పక్షంవాడు, వాడు చేసిన నేరాలేమిటి అని మొదట అడిగి, ఆ తరువాత గాని వాడి చేతులు కట్టివున్నాయా లేదా అని అడగని అలవాటు మనలో మారలేదు. ఆ ప్రశ్నల వరుస మారనంతకాలం, హైదరాబాదు పేరున చచ్చిన సైనికుడి కథ మనకు పరాయి దేశపు కథ కాదు.